పరిచయపు చీటీ

కంప్యూటరు ప్రోగ్రామును సరిచూసే ఆ పరీక్షను నలభైసార్లు నడిపితే ఒక్కసారి తప్పేది. మిగతా ముప్ఫైతొమ్మిదిసార్లూ బుద్ధిగా పచ్చచుక్క చూపించేది. ఇలా పూటకో మాట చెప్పేవాటికి ఆఫీసులో తిక్క పరీక్షలని పేరు. వాటికో పద్ధతి కూడా పెట్టుకున్నారు. ఎర్రచుక్క వస్తే మళ్ళీ నడపాలి. మూడుసార్లలో ఒక్కసారి పచ్చచుక్క వచ్చినా నెగ్గినట్టే. ఈ లెక్కన బళ్ళో పరీక్షలు పెడితే తప్పేవాడంటూ ఎవడూ ఉండడు. అయినా ఆ పద్ధతి పెట్టినవాళ్ళంతా బాగా చదువుకున్నవాళ్ళే.

ఆ పరీక్ష రాసింది ఆమే. ఇతరులు రాసిన ప్రోగ్రాములు సరిగ్గా ఉన్నాయో లేదో చూడడం ఆమె ఉద్యోగం. పన్నెండేళ్ళుగా అదే పని. ఎదురుగా మేడమ్ అంటారు, వెనకాల చాదస్తం అంటారు. ఆ రెండో పేరు సంగతి ఆమెకు తెలియకపోలేదు. పరీక్షల రిపోర్టు బయటి కంపెనీలకు వెళ్ళేటప్పుడు కింద ఆ పరీక్ష రాసినవాళ్ళ పేరు ఉండి తీరాలని ఏడాది కిందట పట్టుబట్టి సాధించింది కూడా ఆమే. "పేరుంటే భయం ఉంటుంది" అంది అప్పుడు. అప్పటినుంచి కంప్యూటరు దానంతటదే పేరు వేసి పంపిస్తోంది.

ప్రతి సోమవారం వాడకందార్ల ఫోన్లు పరీక్షలవాళ్ళే ఎత్తాలని మరో నియమం ఉంది. ఆ సోమవారం ఆమె వంతు. పొద్దున్న నుంచి పాస్‌వర్డు మర్చిపోయినవాళ్ళు నలుగురు, ప్రింటరు ఆన్ చెయ్యకుండా కాగితం రావడంలేదని కేకలేసినాయన ఒకరు. పన్నెండింటికి ఒక ఆడమనిషి గొంతు వినబడింది. గొంతు చాలా చిన్నగా ఉంది, పక్కన ఎవరైనా వింటారేమో అన్నట్టు.

"మేడమ్, నేను క్లినిక్కులో రిపోర్టులు ఎక్కించే గుమాస్తానండీ. మీ ప్రోగ్రాములోనే ఎక్కిస్తాం. ఒక్క సంగతి అడగొచ్చా?"

"అడగండి."

"ఇక్కడ ఎక్కించింది అక్కడ తేలడమన్నది... అసలు జరుగుతుందా అండీ?"

ఆమె ముందున్న కాగితం మీద పెన్సిలు ఆగింది. "ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పండి" అంది.

గుమాస్తా చెప్పింది. ఆ క్లినిక్కుకు రెండు శాఖలు. ఒకటి వంతెన దగ్గర, ఒకటి స్టేషను దగ్గర. గుమాస్తా ఏ శాఖ పేరు నొక్కి ఎక్కిస్తే రిపోర్టు ఆ శాఖ డాక్టరుకు కనబడుతుంది. మూడు వారాల కిందట వంతెన శాఖలో ఒక పంతులమ్మ మెడలో గడ్డకు పరీక్ష చేయించుకుంది. ఆ రిపోర్టు ఈ గుమాస్తాయే ఎక్కించింది. అది వంతెన డాక్టరు దగ్గరకు రాలేదు. రోజూ ఆవిడ వచ్చి అడగడం, రాలేదమ్మా అని వీళ్ళు చెప్పి పంపడం. పదకొండు రోజుల తర్వాత అది స్టేషను శాఖలో, ఎవరూ చూడని మూలలో దొరికింది. చెడ్డ రిపోర్టు. ఈలోగా గడ్డ పెరిగింది. చిన్న ఆపరేషనుతో పోయేది పెద్దదైంది.

"తెర మీద శాఖ ఎంచుకునే గడి ఉంటుంది కదండీ. నేను కిందిది, స్టేషను శాఖ, నొక్కానంటున్నారు. పదహారేళ్ళ నుంచి ఇదే బల్ల మేడమ్. నేను వంతెనే నొక్కాను. శుక్రవారం విచారణ. తప్పు నాదే అని తేలితే తీసేస్తారు. తీసేస్తే తీసేశారు, ఆ పంతులమ్మగారి మొహం ఎట్లా చూడను?"

"అది ఎక్కించిన టైము గుర్తుందా?"

"పదకొండుంబావు. టీ తాగొచ్చి కూర్చున్నా." గుమాస్తా గొంతు ఇంకా తగ్గించింది. "ఎవరికీ చెప్పకండి మేడమ్. ఆ టైముకి స్టేషను శాఖ అమ్మాయి, నేను రోజూ ఫోన్లో కబుర్లాడుకుంటూ పని చేస్తాం. ఆ రోజూ అంతే. నువ్వొకటి కొట్టు, నేనొకటి కొడతా అని నవ్వుకుంటూ ఎక్కించాం. పనివేళల్లో కబుర్లంటే ఇంకా మాటొస్తుందని విచారణలో చెప్పలేదు."

ఇద్దరూ ఒకేసారి ఎక్కించారన్నమాట. ఆమెకు రెండు శాఖల పేర్లతో నడిచే తన పరీక్షలో నలభైకి ఒకసారి వచ్చే ఆ ఎర్రచుక్క గుర్తొచ్చింది.

"శుక్రవారంలోగా చూసి చెప్తానండీ" అంది.

*

రెండు కంప్యూటర్లు మూడోవాడికి తెలియకుండా మాట్లాడుకోవాలంటే ముందు పెద్ద తతంగం నడుస్తుంది. నువ్వెవరివి, నీ గుర్తింపు పత్రం ఏది, దాని మీద ముద్ర ఎవరిది, మన మధ్య రహస్యపు తాళంచెవి ఏది. పెళ్ళిచూపులకన్నా ఎక్కువ ప్రశ్నలు. వచ్చిన ప్రతిసారీ ఇదంతా అయితే పని సాగదు. అందుకని ఒకసారి పరిచయం అయ్యాక అవతలి కంప్యూటరు ఒక చీటీ ఇస్తుంది. మళ్ళీ వచ్చినప్పుడు ఇది చూపించు, నువ్వెవరివని అడగను అని దాని అర్థం. అది కొద్ది క్షణాలే చెల్లుతుంది. జావాస్క్రిప్టు అనే కంప్యూటరు భాషలో రాసిన, రిపోర్టులు చేరవేసే వీళ్ళ సర్వరు ఆ చీటీలను ఒక పెట్టెలో దాచుకుని మళ్ళీ మళ్ళీ వాడుకుంటుంది. సర్వరు చురుగ్గా ఉందని అందరూ మెచ్చుకునేది ఆ పెట్టె చలవే.

ఒక శాఖ సంపాదించిన చీటీని ఇంకో శాఖ పట్టుకెళ్ళకూడదు. పట్టుకెళితే అవతలివాడు అడగడు కాబట్టి, వచ్చింది ఎవరైనా మొదటి శాఖే అనుకుని, తెచ్చిన రిపోర్టును దాని లెక్కలో వేసేస్తాడు. ఆమె రాసిన పరీక్ష సరిగ్గా దీన్నే చూస్తుంది. ముందు ఒక శాఖ పేరుతో వెళ్ళి పరిచయం చేసుకుంటుంది, వెంటనే రెండో శాఖ పేరుతో అదే తలుపు తడుతుంది. రెండోసారీ కొత్తగా పరిచయం జరగాలి. జరిగితే పచ్చచుక్క.

మంగళవారం పొద్దున్నే ఆ పెట్టె రాసిన కుర్రాడి బల్ల దగ్గరకు వెళ్ళింది. ఎండయినా వానయినా ఇస్త్రీ మడత నలగకుండా వస్తాడని అతన్ని ఆఫీసంతా పెళ్ళికొడుకు అంటుంది. మనిషి మంచివాడు. పనిమంతుడు కూడా.

"చీటీ మీద ఏమేం రాసి దాస్తున్నావు?" అని అడిగింది.

"ఎక్కడికెళ్ళాలో ఆ చిరునామా, తలుపు నంబరు. ఇంకేం కావాలి మేడమ్?"

"ఎవరి తరఫున అన్నది?"

పెళ్ళికొడుకు తెర వంక చూసి తల గోక్కున్నాడు. "మీరన్నట్టు చీటీలు మారిపోయేటట్టయితే ప్రతిసారీ తప్పాలి కదా మేడమ్. ముప్ఫైతొమ్మిదిసార్లు మారకుండా నలభయ్యోసారే ఎందుకు మారుతుంది? నెట్‌వర్కుకు జలుబు చేసుంటుంది. మీ పరీక్షకే తిక్క."

ఆమె కూడా అదే అనుకుంది. నిజమే, ఎందుకు? మేనేజరు ఆ పక్కనుంచి పోతూ ఆగి, "శుక్రవారం కొత్త ప్రోగ్రాము విడుదల ఉంది. దాన్ని తిక్క పరీక్షల్లో వేసెయ్యండి" అని, జవాబు కోసం చూడకుండానే వెళ్ళిపోయాడు.

ఆమె దాన్ని ఎందులోనూ వెయ్యలేదు. సీట్లో కూర్చుని చేత్తో నడిపింది. ఒక్కోసారి నడపడం, కాగితం మీద పెన్సిలుతో గీత గీయడం. ఎర్రచుక్క వస్తే గీత మీద అడ్డగీత. సాయంత్రానికి రెండువందల గీతలు, అయిదు అడ్డగీతలు. ఏమిటా అని తొంగిచూసిన పెళ్ళికొడుకు ఒక కప్పు టీ తెచ్చి కాగితం పక్కన పెట్టి పోయాడు.

ఇంట్లో అక్క మిషను ముందు కూర్చుని చొక్కా చేతులు అతుకుతోంది. ఇద్దరూ కలిసే ఉంటారు. అక్క బట్టలు కుడుతుంది, ఈమె లోపాలు వెతుకుతుంది, అన్నం మాత్రం వంతులవారీగా వండుతారు. ఆ పూట వంతు ఈమెది. బియ్యం కడుగుతూ గుమాస్తా సంగతంతా చెప్పింది.

"ఇందులో అంత వింతేముందే? చీటీ మీద కొలతలు రాసి మనిషి పేరు రాయకపోతే ఎవరి చొక్కా ఎవరింటికి పోతుందో బ్రహ్మక్కూడా తెలీదు. మా దగ్గర పని నేర్చుకునే పిల్లకు మొదటి రోజు చెప్పే పాఠం అది" అంది అక్క, దారం పంటితో తెంపుతూ.

"అదే అయితే రోజూ తారుమారు కావాలి కదక్కా. అప్పుడప్పుడే ఎందుకవుతోంది?"

"నాకేం తెలుసు? ముందు బియ్యం నీళ్ళు వంపు. మూడోసారి కడుగుతున్నావు."

*

బుధవారం ఆమె ఒక పని చేసింది. పరీక్షలో ప్రతి అడుగు దగ్గరా గడియారం చూసి టైము రాసిపెట్టమని రెండేసి మాటలు చేర్చింది. సెకనును వెయ్యి ముక్కలు చేసి అందులో ఎన్నో ముక్క అన్నది కూడా. తర్వాత మళ్ళీ నడిపి, పచ్చచుక్క వచ్చిన చిట్టా ఒకటి, ఎర్రచుక్క వచ్చిన చిట్టా ఒకటి అచ్చుతీసి బల్ల మీద పక్కపక్కన పరిచింది. స్కేలు పెట్టి ఒక్కో వరుసా దిగుతూ వచ్చింది. పచ్చచుక్క చిట్టాలో పరిచయం పూర్తయింది, పద్నాలుగో ముక్కలో. రెండో శాఖ బయల్దేరింది, పదిహేనో ముక్కలో. చీటీ చేతికొచ్చింది, పదిహేడో ముక్కలో.

స్కేలు అక్కడే ఆగిపోయింది.

పరిచయం అయిన క్షణంలోనే చీటీ రాదు. ఈ కొత్త రకం పరిచయాల్లో అది కాస్త తీరిగ్గా, వెనక వస్తుంది. ఆమె పరీక్ష ఆగలేదు. చీటీ ఇంకా చేతికి రాకముందే రెండో శాఖను తోలేసింది. పెట్టె ఖాళీగా ఉంది కాబట్టి రెండో శాఖ గత్యంతరం లేక కొత్త పరిచయం చేసుకుంది. పచ్చచుక్క వచ్చింది. ఏ నలభైసార్లకో చీటీ తొందరగా వచ్చి పెట్టెలో పడ్డప్పుడు మాత్రమే పరీక్ష నిజంగా పరీక్షించింది. అప్పుడే ఎర్రచుక్క. దానికే అందరూ కలిసి తిక్క అని పేరు పెట్టారు.

ఏడాదిగా ఆ పరీక్ష అసలు దేన్నీ పరీక్షించలేదు. కింద ఆమె పేరు వేసుకుని ఊరికే పచ్చగా నవ్వుతూ కూర్చుంది. పన్నెండేళ్ళలో ఆమె ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. తను రెండు ముక్కల సేపు ఆగి ఉంటే ఏడాది కిందటే ఇది బయటపడేది, ఆ పంతులమ్మ రిపోర్టు పంతులమ్మకు అందేది.

చీటీ వచ్చేదాకా ఆగి ఆ తర్వాతే రెండో శాఖను పంపమని రెండు వరుసలు రాసింది. నడిపింది. ఎరుపు. మళ్ళీ నడిపింది. ఎరుపు. నలభైసార్లకు నలభైసార్లూ ఎరుపు. రెండో శాఖ మొదటి శాఖ చీటీ పట్టుకుని దర్జాగా లోపలికి పోతోంది.

పెళ్ళికొడుకు వచ్చి చూశాడు. వాలిపోయినట్టు కుర్చీలో కూర్చున్నాడు. చొక్కా నలుగుతుందన్న ధ్యాస కూడా లేదు. "ఎప్పట్నుంచి మేడమ్?" అన్నాడు.

"నువ్వు పెట్టె రాసినప్పట్నుంచి. నేను పరీక్ష రాసినప్పట్నుంచి."

సాయంత్రం అయిదింటికి ఆమె గుమాస్తాకు ఫోను చేసింది. ఆగలేకపోయింది. "మీ తప్పు కాదండీ. దొరికింది. లోపం మాలోనే ఉంది" అంది.

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "రాత్రిళ్ళు పడుకుంటే కళ్ళ ముందు ఆ గడే కనిపిస్తోందమ్మా. నొక్కానా, నొక్కలేదా అని. పిచ్చెక్కుతుందేమో అనుకున్నా." మేడమ్ కాస్తా అమ్మ అయింది.

"విచారణ కోసం మీ క్లినిక్కు అడిగింది కాబట్టి రేపు మా ఆఫీసు నుంచి కాగితం వస్తుంది. దాని కింద నా పేరుంటుంది. అది చూపించండి. మీరింకేం మాట్లాడక్కర్లేదు."

"మీ పేరొకసారి చెప్పమ్మా, రాసుకుంటా."

ఆమె చెప్పింది. గుమాస్తా ఒక్కో అక్షరం పైకి పలుకుతూ రాసుకుంది.

*

పెళ్ళికొడుకు గురువారం పొద్దున పది గంటలకల్లా లోపానికి మందు వేశాడు. ఒక్క వరుస. చీటీ మీద చిరునామా, తలుపు నంబరు, వాటి పక్కన ఎవరి తరఫున అన్నది. ఆమె పరీక్ష నలభైసార్లు నడిపింది. నలభై పచ్చచుక్కలు. ఈసారి నిజమైన పచ్చ. మేనేజరు అందరినీ పిలిచి, "మేడమ్ లేకపోతే మన కొంప మునిగేది" అని చప్పట్లు కొట్టించాడు. ఆమెకు సంతోషం వేసింది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

పన్నెండింటికి తన ఈమెయిలుకు వచ్చిన ఒక నకలు చూసి ఆమె చేతిలోని నీళ్ళసీసా కింద పెట్టేసింది. క్లినిక్కు అడిగిన ప్రశ్న పైన ఉంది. 'మీ ప్రోగ్రాములో ఒక శాఖ పంపినది ఇంకొక శాఖకు చేరే లోపమేదైనా ఉన్నదా? పరీక్షించి తెలుపగలరు.' కింద జవాబు. 'ప్రస్తుత ప్రోగ్రామును ఇందుకోసమే రాసిన పరీక్షతో నలభైసార్లు పరీక్షించాము. అటువంటి లోపం లేదు.' దాని కింద నలభై పచ్చచుక్కలు వరుసగా. అన్నిటికన్నా కింద, ఆమె పేరు.

ఆమె మేనేజరు గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళింది. అలా వెళ్ళడం అదే మొదటిసారి.

"ఇది నిన్నటిదాకా ఉన్న లోపం సార్. ఆ సంగతి రాయలేదేం?"

"కూర్చోండి." మేనేజరు మొహంలో కోపం లేదు. రాత్రి నిద్రలేనట్టు కళ్ళు మాత్రం ఎర్రగా ఉన్నాయి. "ఉన్నదా అని అడిగారు. లేదని రాశాం. ఇందులో ఒక్క అక్షరం అబద్ధం ఉంటే చూపించండి."

"ఆ గుమాస్తాను రేపు తీసేస్తారు."

"ఉండేది అని రాస్తే వాళ్ళొక్కరే కాదు, ఇంకో పదకొండు చోట్ల వాడుతున్నారు, అందరూ మన మీద పడతారు. ఇక్కడ నలభైమంది పనిచేస్తున్నారు మేడమ్." మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "సరే, రాద్దాం. ఏమని రాద్దాం? ఆ రోజు పదకొండుంబావుకి జరిగింది మన లోపం వల్లే అనా? ఆ నిమిషపు చిట్టా ఏది?"

"వారానికోసారి చెరిపేస్తాం కదా."

"మరి? ఆ రోజు మన చీటీ మారిందో, ఆవిడ వేలే జారిందో మీకు తెలుసా? మీరు చూశారా? అయి ఉండొచ్చు అంటారా, అయింది అంటారా?"

ఆమె నోరు తెరిచింది. అయింది అంటే చాలు. ఒక్క మాట. ఎదురుగా ఉన్నది మనిషే, దేవుడు కాదు. కానీ పన్నెండేళ్ళుగా ఆమె చూడనిదాన్ని చూశానని ఎప్పుడూ రాయలేదు. "అయి ఉండొచ్చు" అంది. అన్నాక తన గొంతు తనకే నచ్చలేదు.

"చూశారా" అన్నాడు మేనేజరు, ఓదారుస్తున్నట్టుగా.

"నా పేరు తీసెయ్యండి."

"నేను వెయ్యలేదు కదమ్మా. దానంతటదే పడుతుంది. తీసే పద్ధతి పెట్టొద్దని అప్పుడు మీరే అన్నారు."

సీట్లోకి వచ్చి, ఆమె తనంతట తాను క్లినిక్కుకు ఉత్తరం రాసింది. బుధవారం చూసినదంతా, ఎరుపు చిట్టా జతచేసి. అరగంటలో జవాబొచ్చింది. విచారణకు సంబంధించిన పత్రాలు సంస్థ ద్వారానే పంపగలరు అని. దాని నకలు మేనేజరుకు కూడా పంపారు. మేనేజరు తన గది అద్దంలోంచి ఈమె వంక ఒకసారి చూసి తల దించుకున్నాడు. గుమాస్తాకు ఫోను చేసింది. మోగింది, ఎత్తలేదు. సాయంత్రందాకా తొమ్మిదిసార్లు చేసింది. పెళ్ళికొడుకు దూరంనుంచి చూస్తూనే ఉన్నాడు కానీ దగ్గరకు రాలేదు. లోపమున్న ఆ పెట్టె రాసింది అతనే. నోరెత్తితే ముందు పోయేది అతని ఉద్యోగమే.

ఇంటికెళ్ళాక అక్క సంగతంతా విని మిషను ఆపేసింది. "అయింది అనేస్తే నీ సొమ్మేం పోయేదే?" అంది. కాసేపుండి, "నేనైతే అనేసేదాన్ని" అంది. ఈమెకు అక్క చెప్పింది న్యాయమే అనిపించింది, తను చెయ్యలేకపోయిందీ న్యాయమే అనిపించింది. ఇద్దరూ అన్నం సగంలో వదిలేశారు.

*

శుక్రవారం నాలుగింటికి ఫోను మోగింది. ఆమె వరండాలోకి వెళ్ళి ఎత్తింది.

"అమ్మా, నేనే. నిన్న మీరు చాలాసార్లు చేసినట్టున్నారు. విచారణ కాగితాలు రాయిస్తూ ఫోను బయట పెట్టించారు." గొంతు తేలిగ్గా ఉంది. అంత తేలిగ్గా ఉండడంతోనే ఆమెకు భయం వేసింది.

"ఏమైందండీ?"

"అయిపోయిందమ్మా. నిన్ననే మీ కాగితం చదివి వినిపించారు. తప్పు ఒప్పుకుంటే ఉద్యోగం తియ్యం, కింద పాతఫైళ్ళ గదిలో వేస్తాం అన్నారు. ఒప్పుకుని సంతకం పెట్టేశా."

"మీరెందుకు ఒప్పుకున్నారు? బుధవారం నేను చెప్పాను కదా!"

"చెప్పారమ్మా. అప్పుడు మీరు అలా అనుకున్నారు. తర్వాత నాకోసం మళ్ళీ నలభైసార్లు చేసి చూశారట, కాగితంలో రాసి ఉంది. కింద మీ పేరుంది. నేను రాసుకున్నదానితో అక్షరం అక్షరం సరిచూసుకున్నా." గుమాస్తా చిన్నగా నవ్వింది. "ఊరికే మీకు శ్రమ ఇచ్చా. ఇప్పుడు నాకు గుర్తొస్తోంది కూడా. ఫోన్లో ఆ స్టేషను శాఖ పిల్ల ఏదో అంటే నవ్వాను. నవ్వుతుంటే వేలు జారింది. కిందిది నొక్కాను. స్పష్టంగా కనిపిస్తోందమ్మా."

"లేదండీ! మీరు నొక్కలేదు." ఆమె గొంతు వరండా అంతా వినబడింది. "అయింది. తప్పు మాదే. బుధవారం నా కళ్ళతో చూశాను. నలభైసార్లూ తప్పింది. గురువారం సరిచేసి, ఆ తర్వాత చేసిన పరీక్ష మీకు పంపారు. వింటున్నారా? మీరు నొక్కలేదు. మీ తప్పేం లేదు."

ఎట్టకేలకు ఆ మాట అనేసింది. చూడనిదాన్ని కూడా కలిపి చూశానని అనేసింది.

గుమాస్తా ఎంతో మెత్తగా, ఏడుస్తున్న పిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"మీరు చాలా మంచివారమ్మా. నా మనసు కష్టపెట్టకూడదని అంటున్నారు, నాకు తెలియదా? అన్నిసార్లు చూసి పేరు పెట్టి రాసినవాళ్ళు అబద్ధం రాస్తారా? వద్దమ్మా. పది రోజుల తర్వాత నిన్న రాత్రి కంటినిండా నిద్రపోయా. నా తప్పే అని తెలిశాక నిద్ర పట్టింది. నొక్కానా లేదా అన్న ఆ రంధి నాకు మళ్ళీ వద్దు."

ఆమె గోడకు ఆనుకుంది.

"ఇంకొక్క సాయం చెయ్యమ్మా" అంది గుమాస్తా. "రేపు ఆ పంతులమ్మగారింటికి వెళ్తున్నా. క్షమించమని అడగాలి. నాకు మాటలు రావు, ఏడుపొచ్చేస్తుంది. మీరు చదువుకున్నవాళ్ళు. ఎట్లా మొదలుపెట్టాలో, ఏమని అడగాలో కాస్త చెప్పండి. కాగితం తీసుకున్నా, రాసుకుంటా."